అచ్యుతరామారావుగారి మూడు గడియారాల పెట్టె

విజయవాడ భవానీపురంలో అచ్యుతరామారావుగారి ఇంటి ముందుగదిలోకి వెళ్ళదలచినవారు గుమ్మం దగ్గర మొదట చెప్పులు విడవాలి, ఆ తరువాత చేతి గడియారం విప్పాలి. చెప్పులు విడవడం ఇంటి ఆచారం. గడియారం విప్పడం గది ఆచారం. బ్యాటరీతో నడిచే గడియారం కట్టుకుని లోపలికి వస్తే అక్కడ కొలువైన పాతకాలపు యంత్రాలకు అగౌరవం జరుగుతుందని ఆయన నిశ్చితాభిప్రాయం. ఈ నియమానికి ఎవరికీ మినహాయింపు లేదు. ఆయన పెద్దల్లుడు తన గుండె చప్పుడును సైతం లెక్కపెట్టే ఖరీదైన గడియారాన్ని విప్పడం ఇష్టంలేక, పెళ్ళయిన ఏడాది మొదలు ఇప్పటివరకు వరండాలోనే కాఫీ తాగి వెళ్ళిపోతున్నాడు.

ముందుగదిలో సోఫా లేదు, టీవీ లేదు. మూడు గోడలకూ అద్దాల బీరువాలు ఉన్నాయి. మోటారు కార్ల పందేలు మొదలైన తొలిరోజుల్లో ఆ కార్ల వేగాన్ని కొలిచిన సాధనాలు వాటిలో పడమటి నుంచి తూర్పుకు వయసు ప్రకారం కొలువుతీరి ఉన్నాయి. ఒకే ముఖం మీద రెండు ముళ్ళు పరుగెత్తే స్టాప్‌వాచీలు, పందెపు కారు ముందుభాగంలో బిగించిన ఇత్తడి గడియారాలు, కారు టైరు తొక్కగానే గాలి ఊది గంట మోగించే రబ్బరు గొట్టం, కాగితపు పట్టీ మీద సమయాన్ని అచ్చువేసే యంత్రం, వాటిని శుభ్రపరిచే మెత్తని కుంచెలు. కుంచెలు కూడా పాతవే.

ఇన్నింటినీ సేకరించిన అచ్యుతరామారావుగారు తమ జీవితంలో ఒక్క కారు పందెమైనా కళ్ళెదుట చూసి ఎరుగరు. కారు నడపడం రాదు. ఉద్యోగకాలంలో కొన్న స్కూటరును, అది ఒకసారి తమ అనుమతి లేకుండా ముప్పై దాటిందన్న కారణం మీద అమ్మివేశారు. టీవీలో ఎప్పుడైనా కార్ల పందెం వస్తే ధ్వని పూర్తిగా తగ్గించి, కార్లను కాక, తెర మూలన మారుతుండే అంకెలను చూసేవారు. "కారు వెళ్ళిపోతుందండీ. మిగిలేది సమయమే" అని ఆయన వివరణ. వినేవారు తల ఊపి, విప్పిన గడియారం మరచిపోకుండా తీసుకుని బయలుదేరేవారు.

ఈ అభిరుచికి మూలం ఆయన ఉద్యోగమే. ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి హెడ్ క్లర్కుగా పదవీవిరమణ చేసిన ఆయనకు ఆ సుదీర్ఘ సేవాకాలంలో ఒక్క వ్యవహారం కూడా ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో తెలిసిన పాపాన పోలేదు. కాగితం వచ్చేది, పరిశీలనలో ఉండేది, తిరిగి పరిశీలనకు వెళ్ళేది. దరఖాస్తుదారు కాలం చేసినా కాగితం మాత్రం పరిశీలనలోనే కొనసాగేది. అటువంటి దినాలలో ఆఫీసు పనిమీద మద్రాసు వెళ్ళి, పాతసామాన్ల అంగడిలో వానకు తలదాచుకున్నప్పుడు, ఒక ముసలి దుకాణదారు ఆయన అరచేతిలో స్టాప్‌వాచీ పెట్టాడు. వెనుకవైపు ఏదో మోటారు క్లబ్బు పేరు అరిగిపోయి ఉంది. ఒకసారి నొక్కితే మొదలైంది. మరోసారి నొక్కితే ఆగిపోయింది. అచ్యుతరామారావుగారు ఆ దుకాణంలో వాన వెలిసిన తరువాత కూడా చాలాసేపు నిలబడిపోయారు. ప్రపంచంలో ఇంత స్పష్టంగా మొదలై, ఇంత స్పష్టంగా ముగిసే పని ఉంటుందని ఆయనకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

సేకరణ మొత్తానికి మకుటం వంటిది మూడు గడియారాల పెట్టె. టేకు పెట్టెలో మూడు పెద్ద స్టాప్‌వాచీలు పక్కపక్కన ఉంటాయి. పైన ఒకే ఇత్తడి మీట. మీట నొక్కితే మూడూ ఒకే క్షణంలో కదులుతాయి, మళ్ళీ నొక్కితే ఒకే క్షణంలో ఆగుతాయి. ఒకటి పొరపాటు పడినా మిగిలిన రెండూ సాక్ష్యం చెబుతాయని ఆనాటివారి ఏర్పాటు. ఇంగ్లండులోని ఒక వేలంలో ఉత్తరాల మీద దక్కించుకున్న ఇది ఇంటికి చేరినప్పుడు అచ్యుతరామారావుగారు వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు, పెట్టెకు ప్రయాణపు బడలిక తీరాలని.

ఆయన ధర్మపత్ని రమాసుందరిగారు లెక్కల టీచరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. విశ్రాంతి అనగా పదో తరగతి పిల్లలకు ఇంట్లో లెక్కలు చెప్పడం. పిల్లలు మొదట వరండా నింపారు, తరువాత మేడమెట్లు నింపారు. ఈమధ్య పైమెట్టు మీద కూర్చున్నవాళ్ళకు త్రికోణమితి వినపడటం లేదని తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు.

"ఏవండీ, వచ్చే నెల మొదటి ఆదివారానికి ముందుగది నాకు ఖాళీ చేసిపెట్టాలి" అన్నారు ఆవిడ, కందిపచ్చడి వడ్డిస్తూ.

"విషయం పరిశీలిస్తాను" అన్నారు అచ్యుతరామారావుగారు.

"పరిశీలించక్కర్లేదు. ఖాళీ చేస్తే చాలు. బతికున్న పిల్లలు మెట్ల మీద కూర్చుంటున్నారు, చచ్చిపోయిన గడియారాలకి ఫ్యానూ, లైటూనా?"

"అవి చచ్చిపోలేదు రమా. పని లేక ఆగి ఉన్నాయి."

"అయితే పని చూపించండి. ఆ పెట్టె ఒక్కసారైనా ఒక్క పందేన్నైనా కొలిచిందా మన ఇంటికొచ్చాక? బియ్యం ఉడకడానికి ఎంతసేపు పడుతుందో చూడమంటే కూడా ఇవ్వలేదు మీరు."

ముందుగది పోతే వాటికి ఇంట్లో మరో గది లేదు. యంత్రాలు మంచం కిందికి, అటక మీదికి చేరాలి. అటక మీద వేడి, మంచం కింద తేమ. ఆ రాత్రి ఆయన పెరుగన్నం సగంలోనే చేయి కడుక్కున్నారు.

సరిగ్గా ఈ సంకట సమయంలో రామకోటేశ్వరరావుగారి కారు గుమ్మం ముందు ఆగింది. ఆయన ఇబ్రహీంపట్నం పక్క పల్లెకు చెందిన మోతుబరి రైతు కుటుంబీకుడు. పొలాలను మొదట మిల్లుగా, మిల్లును ఇటీవల ప్లాట్లుగా మార్చిన దార్శనికుడు. కొత్తగా వేసిన వెంచరుకు గుర్తింపు రావడం కోసం ఏదో జమీందారీలోని పాతకాలపు కారును కొని బాగుచేయించాడు. కారును చూడటానికి వచ్చినవారు ప్లాటును కూడా చూస్తారని ఆయన మేనేజరు హర్షవర్ధన్ సలహా. హర్షవర్ధన్ పాతికేళ్ళు దాటిన చురుకైన కుర్రవాడు. వాక్యానికి రెండుసార్లు 'సార్' అంటాడు, ఎవరిని అంటున్నాడో ఒక్కోసారి అతనికే తెలియదు.

ఇద్దరూ గడియారాలు విప్పి లోపలికి వచ్చారు.

"ఓపెనింగు రోజున పాతకార్ల పందెం పెడుతున్నాం అచ్యుతరామారావుగారూ" అన్నాడు రామకోటేశ్వరరావు. "నాది కాక ఇంకో నాలుగు బళ్ళొస్తన్నాయి. వెంచరు చుట్టూ రింగురోడ్డు వేశాంగా, ఆర్చి దగ్గర మొదలెట్టి ఒక్కో బండీ ఒక చుట్టు తిరిగి మళ్ళీ ఆర్చి దగ్గరికి రావాలి. ఎవరిది తక్కువ టైమైతే వాళ్ళే గెలిచినట్టు. టైము మాత్రం మీరు చూడాలండీ."

"సార్, సెల్‌ఫోన్లో చూడొచ్చు సార్, కానీ వింటేజి కార్లకి వింటేజి క్లాకుంటే రీల్సులో లుక్కొస్తుంది" అన్నాడు హర్షవర్ధన్.

అచ్యుతరామారావుగారి చెవులకు రీల్సు అన్న మాట చేరలేదు. పందెం అన్న మాట దగ్గరే ఆయన ఆగిపోయారు.

"నియమాలు ఎవరివి?" అని అడిగారు.

"మీవేనండీ. రూల్సన్నీ మీ ఇష్టం."

"ముందుచక్రం తెల్లగీత దాటిన క్షణం ఆరంభం. ఒక చుట్టు తిరిగి అదే చక్రం అదే గీతను మళ్ళీ దాటిన క్షణం ముగింపు. మధ్యలో ఎవరు చెప్పినా మీట నొక్కను."

"అబ్బో, నొక్కమాకండి. అంత కచ్చితంగా ఉండాలనేగా మీ దగ్గరికొచ్చింది! ఇంకో సంగతండీ. క్లబ్‌హౌసులో ఒక గది ఖాళీగా ఉంది. ఏసీ గది. ఈ పందెం బాగా జరిగితే మీ సామానంతా అక్కడ పెట్టిద్దాం. మీ పేరు మీదే బోర్డు."

తలుపు చాటున ఉన్న రమాసుందరిగారు అప్పటికప్పుడు పెసరట్లు పోశారు. అచ్యుతరామారావుగారు మాత్రం పెసరట్టు తింటూనే ఏసీ గదిలో ఏ బీరువా ఏ గోడకు ఉండాలో మనసులో నిర్ణయించి, కిటికీ ఏ దిక్కున ఉంటుందో అడగడం మర్యాద కాదని ఊరుకున్నారు.

పందెం రోజున వెంచరు దారి పొడవునా ఫ్లెక్సీలు వెలిశాయి. ప్రతి ఫ్లెక్సీలోనూ ముఖ్య అతిథి అయిన ప్రజాప్రతినిధి పెద్దగాను, రామకోటేశ్వరరావు మధ్యస్థంగాను, పాతకారు చిన్నగాను ఉన్నారు. అచ్యుతరామారావుగారి పేరు ఒక ఫ్లెక్సీ అడుగున "కాల నిర్ణేత" అని ముద్రించబడింది. దాని మీదుగా తాడు కట్టారు. షామియానాలో కూర్చున్న వారిలో ప్లాట్లు కొనేవారు కొందరు, భోజనానికి వచ్చినవారు ఎక్కువమంది. పైన డ్రోను తిరుగుతోంది. తెల్లగీత పక్కన బల్ల, బల్ల మీద పట్టుబట్ట, పట్టుబట్ట మీద మూడు గడియారాల పెట్టె. వెనుక గొడుగు కింద, ఇస్త్రీ చొక్కా పై బొత్తాం పెట్టుకుని అచ్యుతరామారావుగారు. వేలు మీట మీద ఉంది. ఆ వేలికి ఈ భాగ్యం ఇన్నేళ్ళకు కలిగింది.

మొదటి బండి రామకోటేశ్వరరావుదే. మొదటి ప్లాటు రిజిస్ట్రేషనుకు బయలుదేరడం కూడా ఆ బండి ముహూర్తంలోనే జరగాలని పురోహితులు పది గంటల పన్నెండు నిమిషాలకు ఘడియ నిర్ణయించారు. తెల్లగీత వెనుక నిలిపిన కారుకు బంతిపూల దండలు వేశారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించారు. అంతా సిద్ధమే గాని, జెండా ఊపవలసిన ముఖ్య అతిథి రాలేదు.

"ఎక్కడున్నార్రా?" అన్నాడు రామకోటేశ్వరరావు డ్రైవరు సీటులోంచి.

"సార్, గొల్లపూడి దాటేశారు సార్" అన్నాడు హర్షవర్ధన్, ఫోను చెవి దగ్గర పెట్టుకునే.

"ఘడియ దాటిపోతోందండీ బాబూ" అన్నారు పురోహితులు. "ఆయన వచ్చాక ఎలాగూ జెండా ఊపుతారు. ఇప్పుడు ఇంజను వేయకపోయినా ఫర్వాలేదు, చక్రం కదిలితే చాలు. ప్రస్థానం అయిపోయినట్టే. మంచి ఘడియలో ప్రయాణం కుదరకపోతే ముందే ఓ సంచీ తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టి రావట్లేదూ? అలాగే ఇదీనూ."

ఆ మాట అందరికీ సబబుగా తోచింది. నలుగురు పనివాళ్ళు వెనుక నుంచి తోశారు. సన్నాయి మోగింది, డోలు ఉరిమింది, నిమ్మకాయలు చితికాయి. కారు రెండడుగులు ముందుకు దొర్లి ఆగింది. ముందుచక్రం తెల్లగీత దాటింది.

అచ్యుతరామారావుగారు మీట నొక్కారు.

డోలు చప్పుడులో ఆ శబ్దం ఎవరికీ వినపడలేదు. ఆయనకు వినపడింది. మూడు ముళ్ళూ ఒక్కటిగా లేచి పరుగు మొదలుపెట్టాయి. ఆయన కళ్ళు చెమర్చాయి. గొడుగు కింద ఉన్నందున ఎండ అని చెప్పుకునే అవకాశం కూడా లేదు.

కొంతసేపటికి హర్షవర్ధన్ మజ్జిగ గ్లాసుతో వచ్చి పెట్టెలోకి చూశాడు. గ్లాసు తొణికింది.

"సార్, ఇది నడుస్తోంది సార్!"

"అవును. పందెం జరుగుతోంది."

"బండి ఆగుంది కదా సార్!"

"బండి ఆగడం నడిపేవారి ఇష్టం. గీత దాటింది, కాలం మొదలైంది."

కబురు అందుకున్న రామకోటేశ్వరరావు పంచె సర్దుకుంటూ కారు దిగి వచ్చాడు. "అదేంటండీ అచ్యుతరామారావుగారూ, పూజ కోసం తోశాం గదండీ! కాస్త సున్నాకి తిప్పండి."

"తిప్పుతాను. దానికి మార్గం ఉంది" అన్నారు అచ్యుతరామారావుగారు ఎంతో మర్యాదగా. "బండిని గీత వెనక్కి తీసుకోండి. తప్పుడు ఆరంభంగా పరిగణించి రద్దు చేస్తాను. రెండడుగులు వెనక్కి. అంతే."

రామకోటేశ్వరరావు పనివాళ్ళకేసి సైగ చేశాడు. పురోహితులు ఒక్క గెంతులో బానెట్టుకు అడ్డం నిలబడ్డారు.

"ఇంకేమన్నా ఉందా! ముహూర్తానికి ముందుకేసిన బండిని వెనక్కి లాగుతారా? నిమ్మకాయలు తొక్కాక? ఇవాళ రిజిస్ట్రేషన్లు పెట్టుకుని? లాగండి, మీ ఇష్టం. నేను సంభావన కూడా తీసుకోకుండా వెళ్ళిపోతా."

రామకోటేశ్వరరావు కారును చూశాడు, చితికిన నిమ్మకాయలను చూశాడు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళడానికి తయారుగా ఉన్న మొదటి ప్లాటు దంపతులను చూశాడు. వెనక్కి లాగడానికి ఆయన చేయి రాలేదు.

"పోనీ ఇప్పుడే స్టార్టుచేసి తిరిగొచ్చేయండి. పెద్దగా ఆలస్యం కాలేదు" అని అచ్యుతరామారావుగారే ఉపాయం చెప్పారు.

"ఆయన జెండా ఊపకుండానా? నా వెంచరుకి అప్రూవలు వద్దా ఏంటండీ!"

ఆ విధంగా శాస్త్రం వెనక్కి పోనివ్వక, రాజకీయం ముందుకు పోనివ్వక, కారు తెల్లగీతకు రెండడుగుల అవతల నిలబడిపోయింది. పందెం కొనసాగింది.

ముఖ్య అతిథి గొల్లపూడి దాటబోతున్నారని కొంతసేపటికి కబురు వచ్చింది. ఇంకొంతసేపటికి ఆయన ఇంట్లో స్నానానికి వెళ్ళారని నిజమైన కబురు వచ్చింది. అచ్యుతరామారావుగారు బల్ల దగ్గర నుంచి కదలలేదు. ఆయన ఆందోళన వేరు. ఆ గడియారాల పెద్దముల్లు గంటకు ఒకసారి చుట్టు తిరిగి మళ్ళీ మొదటికి వస్తుంది. గంట దాటితే గంట గడిచినట్టు పెట్టెలో ఆధారం ఉండదు. కనుక ముఖ్య అతిథి గంటలోపు రావాలని ఆ వెంచరు మొత్తంలో రామకోటేశ్వరరావు కంటే ఎక్కువగా ఆయనే కోరుకున్నారు.

షామియానాలోంచి రమాసుందరిగారు లేచి వచ్చారు. "ఏవండీ, కాసేపు కూర్చోండి. కాళ్ళు వాస్తాయి."

"పందెం మధ్యలో కూర్చోకూడదు."

"ఏ పందెం? బండి కింద కుక్క పడుకుని నిద్రపోతోంది, చూడండి!"

ఆయన చూశారు. నిజమే, నల్లకుక్క. ఆయన పెదవి కదిలింది గాని వేలు కదలలేదు.

చివరికి సైరన్లతో ముఖ్య అతిథి వచ్చారు. శాలువాలు, గజమాల, ప్రసంగం అన్నీ జెండా ఊపిన తరువాతే జరగాలని రామకోటేశ్వరరావు ఆయన కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాడు. జెండా ఊగింది, కుక్క లేచింది, కారు నల్లని పొగ వదిలి పరుగెత్తింది. రింగురోడ్డు మొత్తం చుట్టి, అందరూ ఈలలు వేస్తుండగా ఆర్చి కిందికి వచ్చి తెల్లగీత దాటింది. అచ్యుతరామారావుగారు మీట నొక్కారు. మూడు ముళ్ళూ ఒకే గీత మీద ఆగాయి.

తరువాత మిగిలిన నాలుగు కార్లూ, ఎటువంటి ముహూర్తమూ లేకుండా, ఒకదాని వెనుక ఒకటి తిరిగి వచ్చాయి. వాటిలో గుణదలకు చెందిన జాన్‌బాబు అనే రైల్వే రిటైర్డు గార్డు తన చిన్నకారులో, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, నాలుగు నిమిషాల లోపు తిరిగి వచ్చాడు.

హర్షవర్ధన్ మైకు తీసుకుని "మన వెంచరు అధినేత" అని మొదలుపెట్టబోయాడు. నియమాల ప్రకారం ఫలితం ప్రకటించవలసినది కాల నిర్ణేత అని గుర్తుచేసి అచ్యుతరామారావుగారు మైకు అందుకున్నారు. జీవితంలో ఆయన ఎప్పుడూ మైకులో మాట్లాడలేదు. అయినా ఆఫీసులో ఫైలు చదివినట్టే చదివారు.

"ప్రథమ స్థానం జాన్‌బాబుగారు. మూడు నిమిషాల నలభై రెండు సెకన్లు." తరువాతి ముగ్గురి పేర్లూ చదివారు. "ఐదవ స్థానం రామకోటేశ్వరరావుగారు. యాభై ఆరు నిమిషాల పదకొండు సెకన్లు."

షామియానాలో భోజనాల వైపు చూస్తున్నవారు కూడా ఇటు తిరిగారు.

"నడిచొచ్చినా ముందే వచ్చేవోళ్ళం గదయ్యా!" అని వెనుక వరుసలోంచి ఎవరో అన్నారు. ఆ తరువాత ఎవరి మాట ఎవరికీ వినపడలేదు.

ముఖ్య అతిథి మాత్రం, పెద్ద అంకె విన్న అలవాటు కొద్దీ, లేచి నిలబడి చప్పట్లు కొట్టి రామకోటేశ్వరరావును కౌగిలించుకున్నారు. "యాభై ఆరు! కంగ్రాట్స్ బ్రదర్! జిల్లాకే రికార్డు!" అన్నారు. ఆ దృశ్యాన్ని డ్రోను పై నుంచి చిత్రీకరించింది. సాయంత్రానికి విజయవాడలో అది చూడని ఫోను లేదు.

మూడోరోజు హర్షవర్ధన్ భవానీపురం వచ్చాడు. చెప్పకుండానే గడియారం విప్పాడు. ముఖం వాడిపోయి ఉంది.

"సార్, మా సార్‌కి మీ మీద కోపం లేదు సార్. క్లబ్‌హౌసు గది రెడీగా ఉంది. గ్లాసు వర్కు కూడా అయిపోయింది. మీరు ఒక్క వీడియో బైటు ఇస్తే చాలు సార్. ఆ రోజు గడియారం పాతదవడం వల్ల చిన్న టెక్నికల్ ప్రాబ్లం వచ్చిందని. అంతే సార్. పదిమాటలు."

అచ్యుతరామారావుగారు వెంటనే కాదనలేదు. గ్లాసు వర్కు అయిపోయిందన్న మాట ఆయన గుండెలో దిగింది. పైగా అటువంటి పదిమాటలు కూర్చడంలో ఆయనను మించినవారు ఆ కార్యాలయంలో ఉండేవారు కాదు. 'అనివార్య కారణాల వలన' అని ఎత్తుకుని, 'సంభవించి ఉండవచ్చునని భావించబడుచున్నది' అని దించితే, ఎవరూ తప్పు చేసినట్టు ఉండదు, ఎవరూ ఒప్పు చేసినట్టూ ఉండదు. వాక్యం సగం దాకా మనసులో తయారైంది కూడా. అలవాటు ప్రకారం దానిని సరిచూచుకోవడం కోసం ఆయన తల ఎత్తారు. ఎదురుగా పెట్టె ఉంది.

"మూడు గడియారాలు బాబూ" అన్నారు. "మూడూ ఒకటే చెప్పాయి. ఒకటి తప్పిందని చెప్పమంటే ఏది తప్పిందని చెప్పను?"

"ఏదో ఒకటి చెప్పండి సార్. మెషీన్లకి ఫీలింగ్సుంటాయా ఏంటి?"

"ఉండవు. అందుకే వాటి మీద నింద వేయడం తేలిక. కాఫీ తాగి వెళ్ళు."

హర్షవర్ధన్ కాఫీ తాగలేదు. గడియారం పెట్టుకుంటూ గుమ్మంలో ఆగి, "మంచి గది సార్, పొరపాటు చేస్తున్నారు" అన్నాడు. ఆ మాటలో ఒక్క 'సార్' మాత్రమే ఉంది కనుక, అది మనస్ఫూర్తిగా అన్నదే అయి ఉండాలి.

రమాసుందరిగారు వచ్చి చల్లారుతున్న కాఫీని తామే తీసుకుని ఎదుటి కుర్చీలో కూర్చున్నారు.

"గది పోయింది" అన్నారు.

"పోయింది."

"నేను టీచర్ని కాబట్టి ఒక్కటి చెప్తా వినండి. మీ పెట్టె ఆ రోజు కొలిచింది కారు వేగాన్ని కాదు. ఆయనగారి స్నానాన్ని."

అచ్యుతరామారావుగారు పెట్టె వైపు చూశారు. కాదనడానికి ఆధారం దొరకలేదు.

"అదైనా సరిగ్గానే కొలిచింది రమా" అన్నారు.

ఆవిడకు పొలమారింది. కొంగుతో నోరు తుడుచుకుని, నవ్వు సర్దుకున్నాక, "ఆదివారం గుర్తుందిగా?" అన్నారు.

"దసరా వెళ్ళేదాకా గడువు ఇస్తే..."

"మొదలయ్యాక మధ్యలో ఎవరు చెప్పినా మీట నొక్కనని రామకోటేశ్వరరావుగారితో అన్నదెవరు? తలుపు చాటున నేనూ విన్నా. నా గడువు కూడా మొదలైంది. పెనం మీద పోశాక అట్టును ఆగమంటే ఆగుతుందా?"

పిటిషను దాఖలు చేయడానికి ఇంట్లో పై అధికారి వేరే లేరు.

ఆదివారం పొద్దున బీరువాలు వరండాలోకి వచ్చాయి. స్టాప్‌వాచీలు గుడ్డల్లో చుట్టుకుని ట్రంకుపెట్టెల్లో చేరి మంచం కిందికి వెళ్ళాయి. ఇత్తడి గడియారాలు కూడా వెళ్ళాయి. రబ్బరు గొట్టం అటక ఎక్కింది. ముందుగదిలో ఆయన చేతులారా చాపలు పరిచారు, నల్లబల్ల మేకుకు తగిలించారు. పిల్లలు బిలబిలమంటూ వచ్చి, చెప్పులు విడిచి, చేతి గడియారాలతోనే లోపలికి దూసుకుపోయారు. అచ్యుతరామారావుగారు గుమ్మంలో నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు.

మూడు గడియారాల పెట్టె ఒక్కటీ ఆయన చేతుల్లోనే మిగిలింది. మంచం కింద దానికి చోటు చాలలేదు. దానితో పడకగదిలో అటూ ఇటూ తిరుగుతుండగా, పాఠం మధ్యలో సుద్దముక్కతోనే రమాసుందరిగారు వచ్చారు. తమ ఇనప బీరువా తలుపు తీశారు. పట్టుచీరల అర ఖాళీగా ఉంది. కొత్త వార్తాపత్రిక పరిచి ఉంది. చీరలు ఏమయ్యాయని ఆయన కళ్ళతో అడిగారు.

"అటక మీద. గొట్టం పక్కన" అన్నారు ఆవిడ. "పెట్టె ఒక్కటేనండోయ్. ఇంకోటి తెచ్చారంటే ఊరుకోను."

అంటూనే వెనుదిరిగి, "ఏరా, ఎవర్రా అక్కడ నవ్వేది? సైన్ తీటా ఎంత?" అంటూ ముందుగదిలోకి వెళ్ళిపోయారు.

అచ్యుతరామారావుగారు పెట్టెను అరలో నిలబెట్టారు. కొంచెం ఎడమకు జరిపారు, మళ్ళీ కుడికి జరిపారు. అరలో కర్పూరపు ఉండల వాసన ఉంది. అది ఇత్తడికి మంచిదో కాదో రేపు ఎవరినైనా విచారించాలని నిశ్చయించుకుని, తలుపు చప్పుడు కాకుండా వేశారు.